పుట్టుక మనలను బంధించునా?

పాఠ్యభాగములు: ద్వితీయోపదేశకాండము 30:15–20, యెహెజ్కేలు 18వ అధ్యాయము, యోహాను 11:38–44



మన పల్లెలలో రెండు మాటలు తరచుగా వినబడుచుండును. ఒకడు రాత్రి గుడుంబా త్రాగి, ఇంటిలో నున్న నాలుగు గింజలు అమ్ముకొని వచ్చును. తెల్లవారిన తరువాత భార్య ఏడ్చుచుండగా, "ఏమి చేయుదును? మా నాయనయు త్రాగెను, నేనును త్రాగుచున్నాను. నా తలవ్రాత యిట్లున్నది" అనును. ఇది మొదటి మాట. ఊరిలో ఎవరిదైన మేక పోయినప్పుడు, అది ఎట్లు పోయినదో విచారింపక మునుపే పదిమంది చెట్టుక్రింద చేరి, "వాండ్ల పుట్టుకే అంత, వాండ్లే పట్టుకపోయి యుందురు" అని ఊరి చివరి గుడిసెల వైపు చూతురు. ఇది రెండవ మాట.

పైకి ఈ రెండు మాటలు వేరువేరుగా కనబడును గాని వాటి వేరు ఒక్కటే. మనుష్యుని నడత అతడు పుట్టకమునుపే తీర్మానింపబడినది, దానిని మార్చుట అతని వశము కాదు అనునదే ఆ వేరు. మొదటివాడు ఆ బోధతో తన్ను తాను విడిపించుకొనుచున్నాడు. రెండవవారు అదే బోధతో పొరుగువానిని కట్టివేయుచున్నారు. తన విషయములో సాకు, పొరుగువాని విషయములో తీర్పు! ఇది నిజమేనా? మనుష్యుని చేతిలో ఏమియు లేదా? ఈ నెల పాఠములో మనము దీనిని పరిశీలింతము.

1. చెరలోనివారి సామెత

యెహెజ్కేలు ప్రవక్త బబులోను దేశమునకు చెరపట్టబడి పోయిన యూదుల మధ్య నివసించెను. వారు స్వదేశము పోగొట్టుకొనినవారు. వారిలో ఒక సామెత వాడుకలో నుండెను. తండ్రులు తినినదాని పులుపు బిడ్డల పండ్లకు తగులుచున్నదని దాని భావము. అనగా, "మా పితరులు పాపము చేసిరి, మేము అనుభవించుచున్నాము, ఇక మేము చేయదగినది ఏమున్నది?" అని వారి నిట్టూర్పు.

ఇది బొత్తిగా అబద్ధమని మనము చెప్పరాదు. తండ్రి చేసిన అప్పు కుమారుని మెడకు చుట్టుకొనుట మనమెరుగనిది కాదు. త్రాగుబోతు ఇంటిలో పెరిగిన బిడ్డకు ఆ గాయము చాలకాలము మానదు. కొందరికి త్రాగుడువైపు మొగ్గు వంశపారంపర్యముగా కూడ రావచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. దేవుడు ఆ చెరలోనివారి కష్టమును కాదనలేదు. అయితే కష్టము వచ్చినట్లే దోషము కూడ వచ్చునని, తండ్రి నడిచిన దారియే కుమారునికి విధింపబడినదని వారు చెప్పుకొనుటను ఆయన కాదనెను. ఆ సామెత ఇక పలుకవద్దనెను.

18వ అధ్యాయములో ప్రభువు మూడు తరములను మన యెదుట నిలువబెట్టుచున్నాడు. తాత నీతిమంతుడు. అతని కుమారుడు బలాత్కారము చేయువాడు. అట్టివానికి మరల ఒక కుమారుడు పుట్టెను. నీతిమంతుని కడుపున దుర్మార్గుడు పుట్టగా, దుర్మార్గుని కడుపున నీతిమంతుడు పుట్టెను. 14వ వచనమును నెమ్మదిగా చదువుడి. ఆ మనుమడు తన తండ్రి క్రియలను చూచెను, చూచి ఆలోచించెను, అట్టి క్రియలు చేయకపోయెను. పశువు కూడ చూచును గాని, చూచినదానిని గూర్చి ఆలోచించి "నేనీ దారిని పోను" అని నిలిచిపోవుట మనుష్యునికే ఇయ్యబడినది. ఆ చూపుకును ఆ అడుగుకును మధ్యనున్న కొంచెపు చోటులోనే మన స్వేచ్ఛ యున్నది.

కయీను కథలోను ఇదే కనబడుచున్నది (ఆదికాండము 4:6–7). హత్య జరిగిన తరువాత మాత్రమే దేవుడు మాటలాడలేదు, ముందే మాటలాడెను. పాపము వాకిట పొంచియున్నదనియు, దానిని ఏలవలసినవాడు అతడేయనియు తెలిపెను. కయీను గతి ముందే వ్రాయబడియుండినయెడల ఆ హెచ్చరిక వ్యర్థమే గదా! మోషే కూడ ఇశ్రాయేలీయుల యెదుట జీవమును మరణమును ఉంచి కోరుకొనుమనెను (ద్వితీయోపదేశకాండము 30:19). కోరుకొనలేనివానిని కోరుకొనుమనుట పరిహాసము. మన దేవుడు పరిహాసము చేయువాడు కాడు.

2. పుట్టుకనే నేరముగా నెంచిన చట్టము

"వాండ్ల పుట్టుకే అంత" అను మాట ఊరి చెట్టుక్రింద మాత్రమే నిలిచిపోలేదు. అది ఒకప్పుడు ఈ దేశములో చట్టమై కూర్చుండెను.

1871వ సంవత్సరమున హిందూదేశమునేలుచుండిన ఆంగ్ల ప్రభుత్వమువారు నేరస్థ జాతుల చట్టమును చేసిరి. అది మొదట ఉత్తర హిందూస్థానములో అమలులోనికి వచ్చెను. 1911లో క్రొత్తగా వ్రాయబడి మదరాసు రాజధానికి కూడ వర్తించెను. దానిని సమర్థించినవారి వాదమేమనగా: ఈ దేశములో సాలెవాని కుమారుడు సాలెవాడగుచున్నాడు, వడ్రంగి కుమారుడు వడ్రంగి యగుచున్నాడు, కాబట్టి దొంగల కులమున పుట్టినవాడు దొంగయే యగును.

ఆ పట్టికలోనికెక్కిన జాతులలో పుట్టినవాడు తాను ఏ నేరము చేయకపోయినను రిజిష్టరులో పేరు వ్రాయించుకొని వ్రేలిముద్రలు వేయవలసివచ్చెను. చెప్పిన వేళకు అధికారియొద్ద హాజరు పలుకవలెను. ఊరు దాటుటకు చీటీ కావలెను, చీటీ లేక దొరికినయెడల శిక్ష. పిల్లలను తల్లిదండ్రులయొద్దనుండి తీసి వేరు పాఠశాలలలో నుంచుటకు సహితము చట్టము అధికారమిచ్చెను. న్యాయస్థానము సాధారణముగా "నీవేమి చేసితివి?" అని అడుగును. ఈ చట్టము "నీవెవరికి పుట్టితివి?" అని అడిగెను.

మన తెలుగు దేశములో ఈ చట్టము భారమును ఎక్కువగా మోసినవారిలో ఎరుకలవారొకరు. ఇతరుల చేయి చూచి ఎరుక చెప్పుట వారి స్త్రీల వృత్తి. ఒకరి తలవ్రాత చెప్పి గింజలు సంపాదించుకొను వారి తలవ్రాతను ప్రభుత్వమే రిజిష్టరులో వ్రాసిపెట్టెను! నిజాము రాజ్యములో సహితము, మన వరంగల్లు ప్రాంతపు తండాలలో నివసించు లంబాడీల వంటి సంచార జనులు నేరస్థులుగా అనుమానింపబడి కట్టడికి లోబడిరి.

వీరు పూర్వమెట్లు బ్రదికిరి? ఎరుకలవారు బుట్టలల్లిరి, చాపలు నేసిరి, పందులను పెంచిరి. సముద్రతీరపు ఉప్పును పశువులమీద వేసికొని లోపలి గ్రామములకు పోయి ధాన్యమునకు మార్చుకొనిరి. లంబాడీలు ఎద్దుల మందలమీద ధాన్యమును ఉప్పును దేశమంతట మోసిరి. తరువాత ఉప్పుమీద ప్రభుత్వపు కట్టుబాట్లు బిగిసెను. రైలు వచ్చెను. ఎద్దు నెలదినములు మోయు సరకును రైలు ఒక్కరోజున చేర్చెను. అంతలో 1876–78 సంవత్సరముల మహాక్షామము వచ్చెను. ఆ కరువులో ఒంగోలు క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని చూపిన సంగతి మన సంఘములు మరువలేదు. అక్కడ పని దొరికినవాడు చేతులతో బ్రదికెను. అన్నిచోట్ల అట్టి పని దొరకలేదు.

కొందరు దొంగిలిరి. దీనిని మనము దాచవలసిన పనిలేదు. ఆకలి మనుష్యుని త్రోయును, చెడు సహవాసము ఈడ్చును, అలవాటు పట్టుకొనును. అయితే అదే జాతిలో, అదే ఆకలిలో, బుట్టలల్లుకొని గంజి త్రాగి దినములు గడిపినవారును ఉండిరి. ఒకే గాలి వీచినప్పుడు అన్ని చెట్లు పడిపోలేదు. పరిస్థితి త్రోయుచున్నది గాని అదియే సర్వమును తీర్మానించుటలేదని దీనివలన తెలియుచున్నది. ఆ చట్టము చేసిన అన్యాయము ఇందులోనే యున్నది. పడినవానిని నిలిచినవానిని ఒకే త్రాట కట్టెను. నిలిచినవానికి, "నీవు నిలిచినను లాభము లేదు" అని చెప్పెను.

3. సగము నమ్మిన నమ్మిక

ఆ దినములలో కొందరు క్రైస్తవులు ఈ జనులయొద్దకు వెళ్లిరి. రక్షణ సైన్యమువారు 1913 ప్రాంతమున బాపట్ల చేరువను ఒక సెటిల్మెంటు స్థాపించిరి. మదరాసు ప్రభుత్వములో నుండిన హెరాల్డ్ స్టువర్టుగారి పేరున దానికి స్టువర్టుపురమని పేరు పెట్టబడెను. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్తిస్టు మిషనువారు మరియొక సెటిల్మెంటును నడిపిరి. 1879 నుండి మన హనుమకొండలో సేవచేసిన మిషను ఇదియే గనుక, కావలి సంగతి మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఆ సేవకుల నమ్మిక గొప్పది. దొంగ మారగలడని వారు నమ్మిరి. 1882లో రక్షణ సైన్యమును ఈ దేశమునకు తెచ్చిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్‌గారు పూర్వము ప్రభుత్వోద్యోగి. ఆయన ఆ యుద్యోగమును విడిచి బీదలతో బీదవాడై తిరిగెను. అట్టివారు ఈ జనులకు భూమి చూపిరి, బడి పెట్టిరి, చేతిపని నేర్పిరి, సువార్త చెప్పిరి. ఇదంతయు మెచ్చదగినది.

అయితే ఆ సెటిల్మెంటు కూడ చట్టపు కంచెలోపలనే యుండెను. మారగలడని నమ్మి బడి పెట్టిరి, మారడేమోనని హాజరుపట్టీ ఉంచిరి. ఆదివారము ఆరాధనలో క్రీస్తునందు క్రొత్త సృష్టియని వినినవాడు సోమవారము పాత పేరుతోనే హాజరు పలుకవలసియుండెను. సువార్తను నోటితో ప్రకటించి కంచెను చేతితో కాపాడినయెడల, వినువాడు నోటిని నమ్మునా, చేతిని నమ్మునా? ఆ సేవకులను నిందించుటకు ఇది చెప్పుటలేదు. ఒక మనుష్యుడు మారగలడని నమ్మువారు అతడు మారి నిలుచుటకు చోటు కూడ ఇయ్యవలెనని చెప్పుచున్నాము.

స్వాతంత్ర్యము వచ్చిన 1947లోనే మదరాసు రాష్ట్రము ఆ చట్టమును కొట్టివేసెను. దేశమంతటి సంగతిని విచారించుటకు 1949లో ఒక సంఘము నియమింపబడెను. దాని అధ్యక్షుడు, తరువాత లోక్‌సభకు స్పీకరైన అనంతశయనం అయ్యంగారుగారు. ఆ సంఘము చట్టమును తీసివేయుమని సలహా ఇచ్చెను. 1952 ఆగస్టు 31న అది దేశమంతట రద్దాయెను. ఆ జాతులవారికి విముక్త జాతులను పేరు వచ్చెను.

చట్టము పోయెను గాని మాట పోలేదు. స్టువర్టుపురమను పేరే దొంగలకు మారుపేరుగా వాడుకలో నిలిచిపోయెను. ఆ పేరు చెప్పినచో పని ఇయ్యని లోకములో ఆ యూరి బిడ్డ ఎట్లు బ్రదుకవలెను? 1970ల దశకమున గుఱ్ఱం జాషువ కవిగారి కుమార్తె హేమలతగారును, ఆమె భర్త లవణంగారును ఆ గ్రామమునకు వెళ్లిరి. లవణంగారు నాస్తికోద్యమ నాయకుడు గోరాగారి కుమారుడు. వారు ఆ జనుల యిండ్లకు వెళ్లి, వారితో కూర్చుండి, నేరము విడిచిన కుటుంబములు బ్రదుకుటకు దారి వెదకిరి. సంస్కార్ అను సంస్థను నడిపిరి. దేవుని పేరు చెప్పని ఇంటివారు దారి ప్రక్కన పడియున్నవానియొద్ద ఆగిరి. మంచి సమరయుని ఉపమానమును చదువు మనము ఈ సంగతిని తలవంచి ఆలోచింపవలెను.

ఈ జాడ చెరసాలల నియమములలో ఇంకను చాలకాలము నిలిచియుండెను. 2024 అక్టోబరు 3న సుప్రీముకోర్టు, జైళ్లలో కులమునుబట్టి పనులు పంచు నియమములను కొట్టివేసెను. ఖైదీల రిజిష్టరులో కులము వ్రాయు గడిని తీసివేయుమనెను. విముక్త జాతులవారిని పుట్టుకనుబట్టి అలవాటు నేరస్థులుగా చూచుట తగదనెను. చట్టము రద్దయిన 72 ఏండ్లకు కూడ ఈ మాట చెప్పవలసివచ్చెను!

4. మన పితరులను గూర్చియు లోకమిట్లే పలికెను

ఇదంతయు ఎరుకలవారి సంగతి, లంబాడీల సంగతి, మనకేమి అని తలంపవద్దు. మన సంఘములలో అనేకుల తాతముత్తాతలను గూర్చి లోకమేమి చెప్పెను? వీరు వెట్టి చేయుటకే పుట్టినవారు, చదువు వీరి తలకెక్కదు, ఒకరిని నడిపించు శక్తి వీరికి లేదు అని చెప్పెను. 1912లో అజరయ్యగారు దోర్నకలుకు మొదటి బిషప్పుగా వచ్చెను. ఆంగ్లికన్ సంఘములో హిందూదేశస్థుడు బిషప్పగుట అదియే మొదలు. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనిది, నేడు మహబూబాబాదు జిల్లాలోనిదియైన ఆ దోర్నకలునుండి ఆయన పల్లెపల్లెకు తిరిగి, మాలమాదిగలలోనుండియే ఉపదేశకులను, గురువులను సిద్ధపరచెను. అక్షరము ఎరుగని యింటినుండి వాక్యము బోధించువాడు వచ్చెను. పుట్టుక చివరి మాట కాదని చెప్పుటకు మనకు వేరే సాక్ష్యమెందుకు? మన సంఘమే సాక్ష్యము.

ఒకప్పుడు ఆ మాటచేత గాయపడినవాడే నేడు ఊరి చివర గుడిసెలోనివానిని చూచి "వాని పుట్టుకే అంత" అనవచ్చునా?

తీతు పత్రిక మొదటి అధ్యాయములో ఒక వింతయున్నది. క్రేతీయులందరు అబద్ధికులని వారిలోని ఒకడే చెప్పిన మాటను పౌలు 12వ వచనములో ఎత్తి చూపి, అది నిజమేననుచున్నాడు. చూచితిరా, జాతులకు దుర్గుణములున్నవని అపొస్తలుడే ఒప్పుకొనెనని కొందరు అందురు. అయితే 5వ వచనమును కూడ చదువుడి. ఆ క్రేతులోనే, పట్టణము పట్టణమునకు పెద్దలను నియమించుటకే పౌలు తీతును అక్కడ విడిచెను. పెద్దలెక్కడినుండి రావలెను? ఆ అబద్ధికులని పేరుపొందిన జనములోనుండియే! ఉన్న దుర్గుణమును పౌలు దాచలేదు, అయినను ఆ జనమును దానికి అప్పగింపలేదు. నతనయేలు కూడ నజరేతునుండి మంచిదేదైన రాగలదా అని సందేహించెను (యోహాను 1:46). మన ప్రభువే పేరుపడిపోయిన ఊరివాడని పిలువబడెను.

5. కఠినమైన వాక్యములు

"అయితే దేవుడు ఫరో హృదయమును కఠినపరచలేదా? కుమ్మరి తన ఇష్టమువచ్చినట్లు పాత్రను చేయడా? చిరుతపులి తన మచ్చలను మార్చుకొనలేదని యిర్మీయా చెప్పలేదా?" అని మీలో కొందరు అడుగుదురు. అడుగుట మంచిదే. ఈ ప్రశ్నమీదనే 1524లో ఎరాస్మసు స్వేచ్ఛాచిత్తమును సమర్థించి ఒక గ్రంథము వ్రాయగా, 1525లో లూథరు మనుష్యుని చిత్తము దాస్యములో నున్నదని ప్రత్యుత్తరము వ్రాసెను. అట్టి పండితులు తెగ్చలేనిదానిని మేము ఒక పాఠములో తేల్చెదమని చెప్పము. అయినను మూడు సంగతులు గమనింపుడి.

మొదటిది, ఫరో సంగతి. నిర్గమకాండము 8:15, 8:32 వచనములలో ఫరో తన హృదయమును తానే కఠినపరచుకొనెను. ప్రభువు అతని హృదయమును కఠినపరచెనను మాట తెగుళ్ల వరుసలో 9:12లో వచ్చుచున్నది. పలుమారు మూసిన తలుపు కడపట బిగుసుకొనిపోయెను.

రెండవది, కుమ్మరి సంగతి. యిర్మీయా 18వ అధ్యాయములో కుమ్మరి చేతిలోని పాత్ర చెడిపోగా అతడు ఆ మంటినే తీసికొని మరల మరియొక పాత్ర చేసెను. ఆ వెంటనే 7–10 వచనములలో, ఒక జనము చెడుతనము విడిచినయెడల తాను చేయదలచిన కీడు చేయనని దేవుడు చెప్పుచున్నాడు. కాబట్టి కుమ్మరి కథ తలవ్రాత కథ కాదు. చెడిన మన్ను కూడ పారవేయబడదను నిరీక్షణ కథ.

మూడవది, చిరుతపులి సంగతి. యిర్మీయా 13:23లో చెప్పబడినది పుట్టుకను గూర్చి కాదు, కీడు చేయుటకు అలవాటుపడినవారిని గూర్చి. అలవాటు చర్మమువలె అంటుకొనునని ప్రవక్త హెచ్చరించుచున్నాడు. ఇది నిజము. త్రాగుడు అలవాటైనవాడు "రేపు మానెదను" అని చెప్పుట సులభము, మానుట కష్టము. రోమీయులకు వ్రాసిన పత్రిక 7వ అధ్యాయములో పౌలు కూడ, మేలు చేయగోరియు చేయలేకపోవు మనుష్యుని మూల్గును వినిపించుచున్నాడు. మన చిత్తము స్వేచ్ఛ గలదే గాని సొంత బలముతో నిలుచునంత ఆరోగ్యము గలది కాదు. అందుచేతనే కృప అవసరము.

కృపయు మన యెన్నికయు ఎట్లు కలిసి పనిచేయును? ఫిలిప్పీయులకు 2:12–13లో పౌలు రెంటిని ఒకే ఊపిరిలో చెప్పుచున్నాడు. మీ రక్షణను కొనసాగించుకొనుడనియు, మీలో ఇచ్ఛను కార్యమును కలుగజేయువాడు దేవుడేయనియు అనుచున్నాడు. మనకు తెలిసిన చెరువును తలంచుకొనుడి. కాకతీయులు కట్టించిన పాకాల చెరువు నేటికిని పొలములను తడుపుచున్నది. నీరు పల్లమెరుగునని సామెత. విడిచిపెట్టిన నీరు పల్లమునకే పోవును, విడిచిపెట్టిన మనుష్యుడును అంతే. వానను కురిపించువాడు నీరటికాడు కాడు. గుట్టల వాలును చేసినవాడును అతడు కాడు. అయినను తూమెత్తుటయు దించుటయు అతని చేతిలో నున్నది. అతడు నిద్రపోయినయెడల నిండిన చెరువు క్రిందనే పైరు ఎండును. వాన దేవునిది, తూము మనది. వాన లేక తూమెత్తినను ఫలము లేదు, వాన కురిసినను తూమెత్తనివాడు వానను నిందింపరాదు.

6. కట్లు విప్పుడి

ఇప్పుడు లాజరు సమాధియొద్దకు రండి (యోహాను 11:38–44). చనిపోయిన లాజరు తనంతట తాను లేవలేడు. ప్రభువు పిలిచినందుననే లేచెను. ఇది కృప. లాజరు ఆ పిలుపు విని నడిచి వెలుపలికి వచ్చెను. ఇది విధేయత. అయితే కథ అక్కడ ముగియలేదు. అతని చేతులు కాళ్లు ఇంకను ప్రేతవస్త్రములతో కట్టబడియుండెను. జీవమిచ్చిన ప్రభువునకు ఆ కట్లు విప్పుట కష్టమా? అయినను ఆయన తాను విప్పక, చుట్టునున్నవారితో విప్పుమని చెప్పెను. దేవుడు పిలుచును, మనుష్యుడు లేచి వచ్చును, సంఘము కట్లు విప్పవలెను. ఈ మూడు పనులు కలసినప్పుడే బ్రతికినవాడు ఇంటికి పోగలుగును.

మన సంఘములో దొంగతనము మానినవాడు ఒకడున్నయెడల, అతనికి పని ఇచ్చువారెవరు? కానుకల సంచి పట్టుటకు అతని పేరు ఎవరైన చెప్పుదురా? త్రాగుడు మానినవాడు మొదటి నెల వణకుచు కూర్చున్నప్పుడు, సాయంకాలమున అతని ప్రక్కన కూర్చుండువారెవరు? పెండ్లి విందులో అతని చేతికి మరల గ్లాసు అందించువారెవరు? ఇవియే కట్లు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకొనుచున్న స్త్రీలు సారా దుకాణమునకు ఎదురునిలిచిరి. భర్తల త్రాగుడును తమ తలవ్రాతయని అనుకొనుట మానివేసిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట అంటుకొని, 1993 అక్టోబరు 1 నుండి సారా అమ్మకము నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను గాని 1997లో సడలిపోయెను. ఇందులో రెండు పాఠములున్నవి. వాకిటనున్న శోధనను తొలగించుట పొరుగువానికి చేయదగిన మేలు. అయినను చట్టమొక్కటే హృదయమునకు కాపలా కాయజాలదు. దుకాణము మరల తెరువబడినప్పుడు లోపల తలుపు మూసికొనగలవాడే నిలుచును.

కాబట్టి ప్రియులారా, మన తీర్పును తిరుగవేసికొందము. తన తప్పును గూర్చి మనుష్యుడు పరిస్థితులను తక్కువగాను, పొరుగువాని తప్పును గూర్చి పరిస్థితులను ఎక్కువగాను తలంచవలెను. మనము నేటివరకు దీనిని తలక్రిందులుగా చేయుచున్నాము. "నేను పడుటకు నా కష్టములే కారణము, వాడు పడుటకు వాని గుణమే కారణము" అనుచున్నాము. త్రాగుబోతు తండ్రికి పుట్టినవాడా, నీవు చూచి ఆలోచించి ఆగవచ్చును. నీకు ఆ చోటు దేవుడిచ్చెను. మేక పోయిన ఇంటివాడా, ఊరి చివరి గుడిసెవైపు చేయి చాపకమునుపు, ఆ గుడిసెలోనివాని పేరు అడిగి తెలిసికొనుము. దేవుడు వానిని జాతి పేరుతో గాక వాని పేరుతోనే పిలుచుచున్నాడు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. యెహెజ్కేలు 18లోని మనుమడు తన తండ్రివలె కాకపోవుటకు కారణమేమి? మన యింటిలో "చూచి ఆలోచింపవలసిన" అలవాటు ఏదైన యున్నదా?

2. పుట్టుకనుబట్టి మనుష్యులను నేరస్థులుగా నెంచిన చట్టము 1952లో పోయెను. మన ఊరిలో అది ఏ మాటలలో, ఏ చూపులలో ఇంకను మిగిలియున్నది?

3. కావలి, స్టువర్టుపురముల సేవలో మనము మెచ్చదగినదేది? నేటి సంఘము జాగ్రత్తపడవలసినదేది?

4. మన సంఘములో పాత జీవితమును విడిచినవారి కట్లు విప్పుటకు ఈ నెలలో చేయగల ఒక్క పనిని నిర్ణయించుకొనుడి. ఆ పని ఎవరు, ఎప్పుడు చేయుదురో కూడ నిర్ణయించుడి.

ప్రార్థనాంశములు

పుట్టుకనుబట్టి అనుమానింపబడు కుటుంబముల కొరకును, వారి బిడ్డల చదువు కొరకును ప్రార్థింపుడి. త్రాగుడు మానుటకు ప్రయాసపడుచున్న సహోదరుల కొరకును, వారితో ఓర్చుకొనుచున్న తల్లుల కొరకును, భార్యల కొరకును ప్రార్థింపుడి. చెరసాలనుండి విడుదలయై ఊరికి వచ్చువారిని చేర్చుకొను మనస్సు మన సంఘములకు కలుగునట్లు ప్రార్థింపుడి. ఆమేన్.